నేను మనిషిని
మెంఫిస్ చెత్తబండి కార్మికుల 65 దినాల చరిత్ర



ఈ నెల మిమ్మల్ని ఒక వర్షపు సాయంత్రానికి తీసుకువెళ్ళాలని ఆశిస్తున్నాను. అది 1968 ఫిబ్రవరి 1వ తేదీ. అమెరికా దేశం, టెన్నెస్సీ రాష్ట్రం, మిస్సిసిపీ నది ఒడ్డున ఉన్న మెంఫిస్ నగరం. కుండపోతగా వాన కురుస్తోంది. నగరపాలక సంస్థ చెత్తబండి ఒకటి ఇళ్ళ మధ్య చెత్త ఎత్తుకుని వెళ్తోంది. ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు నల్లజాతి కార్మికులు ఆ బండి మీద పని చేస్తున్నారు. ఒకరికి 36 ఏళ్ళు, మరొకరికి 30. బండి ముందుభాగంలో చోటు లేదు. ఎవరింటి అరుగు మీదనైనా కాసేపు నిలబడదామంటే, ఆ వీధులు తెల్లవారివి. నల్లవారు అక్కడ ఆగితే ఫిర్యాదులు వెళ్తాయి. ఇక మిగిలింది చెత్త వేసే వెనుక తొట్టి ఒక్కటే. తల దాచుకోవడానికి ఆ ఇద్దరూ అందులోకి ఎక్కారు.

ఆ తొట్టిలో చెత్తను అణిచే పెద్ద ఇనుప పలక ఉంటుంది. ఆ బండి పాతది. అలాంటి బండ్లు మంచివి కావని, మార్చమని కార్మికులు అంతకుముందే అడిగారు. ఎవరూ వినలేదు. ఆ సాయంత్రం యంత్రం దానంతట అదే కదిలింది. డ్రైవరు ఆపాలని చూసినా ఆగలేదు. చెత్తను అణిచినట్టే అది ఇద్దరు మనుషులను అణిచివేసింది.

ప్రియులారా, ఆ ఇద్దరి కుటుంబాలకు నగరం ఏమి ఇచ్చిందో తెలుసా? ఒక నెల జీతం, అంత్యక్రియల ఖర్చుకు 500 డాలర్లు. వాకర్ భార్య అప్పటికి గర్భవతి. పని చేస్తూ చనిపోయినవారికి నష్టపరిహారం ఇచ్చే చట్టం ఆ రాష్ట్రంలో ఉన్నది. అయితే ఈ ఇద్దరినీ గంటల లెక్కన పనిచేసే కూలీలుగా రాసుకున్నారు గనుక ఆ చట్టం వారి వరకు రాలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. సరిగ్గా ఆ దినమే, ఫిబ్రవరి 1నే, అమెరికాలో కనీస వేతనం పెరిగింది. గంటకు 1 డాలరు 40 సెంట్లు ఉన్నది 1 డాలరు 60 సెంట్లయింది. దేశమంతటా ఎందరో పనివారికి అది శుభవార్త. చెత్తబండి కార్మికులకు మాత్రం ఆ చట్టం కూడా వర్తించదు! ఎందుకని?

కొంచెం వెనక్కి వెళ్దాం. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యంలో అమెరికా పనివారు రోడ్డున పడ్డారు. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కాలంలో రెండు పెద్ద చట్టాలు వచ్చాయి. 1935లో వచ్చిన జాతీయ కార్మిక సంబంధాల చట్టం, యూనియన్ పెట్టుకునే హక్కును, యజమానితో కలిసికట్టుగా మాట్లాడే హక్కును పనివారికి ఇచ్చింది. 1938లో వచ్చిన న్యాయమైన పని ప్రమాణాల చట్టం గంటకు 25 సెంట్ల కనీస వేతనం నిర్ణయించింది. ఒక హద్దు దాటి చేయించిన పనికి ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలన్నది. బాలకార్మిక వ్యవస్థకు కళ్ళెం వేసింది. ఆ రెండవ చట్టాన్ని సిద్ధం చేయడంలో ముఖ్యపాత్ర వహించినది కార్మికశాఖ మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్. అమెరికా మంత్రివర్గంలో చోటు పొందిన మొదటి స్త్రీ ఆమె. ఇవి గొప్ప చట్టాలు. కాదనలేం.

అయితే ప్రతి చట్టానికీ ఒక గుమ్మం ఉంటుంది. కొందరు లోపలికి వెళ్తారు, కొందరు బయటే నిలబడతారు. పొలం పనివారు బయట నిలబడ్డారు. ఇళ్ళలో పనిచేసేవారు బయట నిలబడ్డారు. దక్షిణ రాష్ట్రాలలో ఆ రెండు పనులూ ఎక్కువగా చేసేది నల్లవారే. రాష్ట్రాల క్రింద, నగరాల క్రింద పనిచేసేవారు కూడా బయటే మిగిలారు. మెంఫిస్ చెత్తబండి కార్మికులు నగర ఉద్యోగులు గనుక యూనియన్ హక్కు లేదు, కనీస వేతనపు భరోసా లేదు, చనిపోతే పరిహారం లేదు. మూడు తలుపులు తట్టినా మూడూ మూసే ఉన్నాయి.

వారి పని ఎలాంటిదో ఒకసారి ఊహించుకోండి. ఈ రోజుల్లోలాగా చెత్తడబ్బా వీధిలోకి తెచ్చిపెట్టే అలవాటు అప్పుడు లేదు. కార్మికుడే ప్రతి ఇంటి పెరట్లోకి వెళ్ళాలి. అక్కడ ఉన్నదంతా పెద్ద తొట్టెలో నింపుకుని, నెత్తినో భుజానో పెట్టుకుని బండి దాకా మోయాలి. ఆ తొట్టెలకు చిల్లులుంటే మురుగు నీరు ముఖం మీదికి, మెడ మీదికి కారేది. పురుగులు చొక్కాలో పడేవి. చేతులు కడుక్కోవడానికి చోటు లేదు. కూర్చుని అన్నం తినడానికి చోటు లేదు. యూనిఫాం లేదు. ఎంత ఆలస్యమైనా అదనపు కూలి లేదు. గంటకు వచ్చేది 1 డాలరు 60 సెంట్లు, మహా అయితే 1 డాలరు 80. వారమంతా ఒళ్ళు వంచి పని చేసిన చాలామంది ఇళ్ళు, ప్రభుత్వం పేదలకిచ్చే సహాయం లేనిదే గడవని ఇళ్ళు.

ఆ మరణాలకు ఒకటి రెండు దినాల ముందు ఇంకొక సంగతి జరిగింది. వాన పడుతోందని మురుగుకాల్వల విభాగంలో 22 మంది నల్లజాతి కార్మికులను పనిలోనుండి ఇంటికి పంపేశారు. వారికి రెండు గంటల కూలి మాత్రమే చేతిలో పెట్టారు. అదే వానలో అదే విభాగంలోని తెల్లవారైన సూపర్‌వైజర్లకు పూర్తి జీతం ఇచ్చారు. వాన ఇద్దరికీ ఒకటే. జీతం ఒకటి కాదు.

ఫిబ్రవరి 12వ తేదీన సుమారు 1,300 మంది పనికి రాలేదు. సమ్మె మొదలైంది. వారి నాయకుడు టి.ఓ. జోన్స్ తానూ ఒకప్పుడు చెత్త మోసినవాడే. 1963లో యూనియన్ పెట్టబోయాడని ఆయనను, మరికొందరిని కలిపి 33 మందిని పనిలోనుండి తీసివేశారు. ఆయన వెనుదీయలేదు. ప్రభుత్వోద్యోగుల జాతీయ యూనియన్‌లో స్థానిక శాఖ సంపాదించాడు. ఆ శాఖ సంఖ్య 1733. ఆ చివరి 33, పని పోగొట్టుకున్న ఆ 33 మందికి గుర్తు.

నగర మేయరు హెన్రీ లోబ్ ఆ జనవరిలోనే పదవిలోకి వచ్చాడు. కార్మికులు అడిగినవి పెద్ద కోరికలేమీ కావు. కూలి పెంచండి, క్షేమంగా పనిచేయనివ్వండి, అందరినీ సమానంగా చూడండి, మా యూనియన్‌ను గుర్తించండి, యూనియన్ చందా జీతంలోనుండి పట్టుకోండి. మేయరు పట్టుదలంతా చివరి రెండింటి మీదనే. యూనియన్‌ను గుర్తించనన్నాడు. నగర ఉద్యోగుల సమ్మె చట్టవిరుద్ధమన్నాడు. కోర్టు కూడా సమ్మెను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. పోలీసు కాపలాతో కొత్తవారిని పెట్టి చెత్త ఎత్తించారు.

ప్రియ పాఠకులారా, ఇప్పుడు సంఘం సంగతికి వస్తున్నాను. ఇది మనం తలవంచుకుని చదవవలసిన భాగం, తల ఎత్తుకుని చదవవలసిన భాగం కూడా.

మెంఫిస్ మందిరాలకు పేరుపడిన ఊరు. ప్రతి ఆదివారం మందిరాలు నిండేవి. ఆ కార్మికులలో ఎందరో ఆ మందిరాలలో కూర్చునేవారే, డీకన్లుగా సేవ చేసేవారే. అయినా ఎన్నో ఏళ్ళుగా వారి కూలి గూర్చి పులిపీఠాల మీద నుండి పెద్దగా మాట వినబడలేదు. సమ్మె మొదలైన తర్వాత కూడా చాలామంది పాస్టర్లు కొన్ని దినాలు చూస్తూ ఉన్నారు. ఫిబ్రవరి 23న పట్టణ సభ కార్మికుల కోరికను త్రోసిపుచ్చింది. కార్మికులు ప్రధాన వీధిలో ఊరేగింపుగా నడిచారు. పోలీసులు లాఠీలతో, కళ్ళు మండించే రసాయనంతో వారి మీద పడ్డారు. ఆ దినం వారితో నడిచిన పాస్టర్ల కళ్ళల్లో కూడా ఆ రసాయనం పడింది.

మరునాడు, ఫిబ్రవరి 24న, సుమారు 150 మంది సేవకులు ఒకచోట కూడారు. సమ్మెకు అండగా ఒక సంఘంగా ఏర్పడ్డారు. కళ్ళు మండిన తర్వాతనే కళ్ళు తెరుచుకున్నాయని కొందరు అనవచ్చు. అనినా తప్పు లేదు. ఆలస్యంగానైనా తెరుచుకున్నాయి. రాత్రివేళ కూటాలు పెట్టారు. కానుకలు పట్టి కార్మికుల ఇళ్ళకు తిండి చేర్చారు, ఇంటి అద్దెలకు సహాయం చేశారు. పట్టణం నడిబొడ్డున ఉన్న దుకాణాలలో సరుకులు కొనవద్దని విశ్వాసులకు చెప్పారు. ప్రతిదినం క్లేబోర్న్ టెంపుల్ అనే మందిరం నుండి ఊరేగింపు బయలుదేరేది.

ఆ సేవకుల సంఘానికి అధ్యక్షుడు జేమ్స్ లాసన్. సెంటినరీ మెథడిస్టు సంఘ కాపరి. ఈయన కథలో మన దేశానికి చోటుంది. కొరియా యుద్ధకాలంలో సైన్యంలో చేరనని చెప్పి జైలుకు వెళ్ళినవాడు. విడుదలైన తర్వాత 1953లో మెథడిస్టు మిషనరీగా నాగ్‌పూర్ వచ్చి హిస్లప్ కళాశాలలో పనిచేశాడు. గాంధీగారి సత్యాగ్రహాన్ని దగ్గర నుండి చదివి తెలుసుకున్నాడు. మాంట్‌గొమరీ పట్టణంలో నల్లవారు బస్సులు ఎక్కడం మానేశారన్న వార్తను ఆయన నాగ్‌పూర్‌లో దినపత్రికలోనే చదివాడు. 1956లో స్వదేశానికి తిరిగి వెళ్ళినప్పుడు, కొట్టకుండా ఎదిరించడం, భయపడకుండా నిలబడటం అనే పాఠాన్ని తనతో తీసుకువెళ్ళాడు. 2024 జూన్‌లో, 95 ఏళ్ళ వయస్సులో ఆయన కన్నుమూశాడు.

కార్మికులు పట్టుకున్న అట్టల మీద ఇంగ్లీషులో నాలుగే మాటలుండేవి. తెలుగులో చెప్పాలంటే రెండు మాటలు: నేను మనిషిని. ఆ అట్టలు క్లేబోర్న్ టెంపుల్ మందిరంలోనే అచ్చయ్యాయి. ఇంగ్లీషులో ఆ మాటకు మనిషి అని అర్థం, ఎదిగిన మగవాడు అని కూడా అర్థం. దక్షిణ రాష్ట్రాలలో తల నెరిసిన నల్లవాడిని కూడా తెల్ల కుర్రవాడు అబ్బాయ్ అని పిలిచే ఆచారం ఉండేది. ఆ పిలుపుకు జవాబు ఆ అట్ట. మనిషిని మనిషి కాదనడంలోనే జాతివివక్షకు వేరు ఉన్నదని లాసన్ ఆ దినాలలో చెప్పాడు.

ఇది గుర్తుంచుకోండి. ఆ అట్ట మీద ఇన్ని సెంట్లు పెంచండి అని రాసి లేదు. కూలి కావాలి, తప్పకుండా కావాలి. అయితే కూలి తక్కువగా ఎందుకున్నది? ఆ పనిచేసేవాడు తక్కువవాడన్న లెక్క ఉన్నది గనుక. బండి ఎందుకు మార్చలేదు? అందులో పడేవాడి ప్రాణం తక్కువదన్న లెక్క ఉన్నది గనుక. ముందు ఆ లెక్క మారాలని వారు అడిగారు.

లాసన్ పిలుపు మీద మార్టిన్ లూథర్ కింగ్ మెంఫిస్‌కు వచ్చాడు. అప్పటికి ఆయన దేశంలోని పేదలందరినీ కూడగట్టి రాజధానికి తీసుకువెళ్ళే పనిలో ఉన్నాడు. మార్చి 18న మేసన్ టెంపుల్ మందిరంలో వేలాదిమంది క్రిక్కిరిసి కూర్చున్నారు. అక్కడ ఆయన ధనవంతుడు, లాజరు ఉపమానం ఎత్తుకున్నాడు. ధనవంతుడు నరకానికి వెళ్ళింది డబ్బున్నందుకు కాదు, తన వాకిట పడి ఉన్నవాడిని దినదినం దాటిపోతూ చూడనందుకు అని వివరించాడు. అమెరికా కూడా ఆ దారినే పోగలదని హెచ్చరించాడు. ఏ పనీ నీచమైనది కాదని, చెత్త ఎత్తేవాడు మానేస్తే రోగాలు ప్రబలుతాయి గనుక అతడూ వైద్యుడంత ముఖ్యుడేనని చెప్పాడు.

మార్చి 22న పెద్ద ఊరేగింపు అనుకున్నారు. ఆ దినం మెంఫిస్‌లో విపరీతంగా మంచు కురిసింది. 28వ తేదీకి వాయిదా పడింది. ఆ 28న కింగ్ ముందు నడుస్తుండగా వెనుక కొందరు కుర్రవాళ్ళు దుకాణాల అద్దాలు పగలగొట్టారు. పోలీసులు విరుచుకుపడ్డారు. 16 ఏళ్ళ లారీ పేన్ పోలీసు తుపాకీకి బలయ్యాడు. కర్ఫ్యూ పెట్టారు. సుమారు 4,000 మంది నేషనల్ గార్డ్ సైనికులు దిగారు. మరునాడు ఏం జరిగిందో తెలుసా? వీధి పొడవునా సైనిక వాహనాలు, తుపాకులు నిలిచి ఉండగా, కార్మికులు ఒకరి వెనుక ఒకరు, మెడలో అదే అట్ట వేసుకుని, మౌనంగా నడిచి వెళ్ళారు. ఆ ఫోటో లోకమంతా చూసింది.

శాంతియుతంగా నడిచి చూపించాలని కింగ్ ఏప్రిల్ 3న తిరిగి వచ్చాడు. ఆ రాత్రి గాలివాన. ఒంట్లో బాగులేక గదిలోనే ఉండిపోదామనుకున్నాడు. వానలో కూడా వచ్చి కూర్చున్నవారు ఆయన కొరకే ఎదురుచూస్తున్నారని కబురు రాగా లేచి వెళ్ళాడు. యెరికో దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాడి గూర్చి చెప్పాడు. యాజకుడు, లేవీయుడు ఆగితే తమకేమవుతుందోనని ఆలోచించి ఉంటారు, మంచి సమరయుడు ఆగకపోతే ఇతనికేమవుతుందని ఆలోచించాడు అన్నాడు. ఈ కార్మికుల కొరకు ఆగకపోతే వారికేమవుతుందన్నదే మన ముందున్న ప్రశ్న అన్నాడు. మరునాడు, ఏప్రిల్ 4న సాయంకాలం, లొరెయిన్ మోటెల్ వసారాలో నిలబడి ఉండగా తుపాకీ గుండు ఆయన ప్రాణం తీసింది. ఆయన వయస్సు 39.

ఏప్రిల్ 8న ఆయన భార్య కొరెట్టా, ఇంకా భర్తను సమాధి చేయకముందే, పిల్లలతో మెంఫిస్ వచ్చి ఆగిపోయిన ఊరేగింపును నడిపించింది. వేలకు వేలు మౌనంగా నడిచారు. అధ్యక్షుడు జాన్సన్ కార్మికశాఖ ఉన్నతాధికారి జేమ్స్ రేనాల్డ్స్‌ను రాజీ కొరకు పంపాడు. ఏప్రిల్ 16న ఒప్పందం కుదిరింది. సమ్మె మొదలై అది 65వ దినం.

ఏమి వచ్చింది? గంటకు మే నెలలో 10 సెంట్లు, సెప్టెంబరులో ఇంకొక 5 సెంట్లు. వారానికి 40 గంటల లెక్కన చూస్తే 6 డాలర్లు! నగరం దగ్గర అంత డబ్బు కూడా లేదంటే, మెంఫిస్ వ్యాపారి ఏబ్ ప్లో తన సొంత సొమ్ము ఇచ్చాడు. కొందరు అడుగుతారు, 6 డాలర్ల కొరకు ఇంత నష్టమా అని. ఒప్పందం మిగతా భాగం చదవండి. యూనియన్‌కు గుర్తింపు వచ్చింది. చందా పట్టే ఏర్పాటు జరిగింది. ఫిర్యాదు వినే పద్ధతి వచ్చింది. పదోన్నతి అనుభవాన్ని బట్టి అన్నారు. జాతిని బట్టి భేదం చూపకూడదన్నారు. అప్పటివరకు మీతో మాట్లాడము అన్నవారు, ఎదురుగా కుర్చీ వేసి మాట్లాడారు. కోల్, వాకర్ ఆ తొట్టిలోకి ఎక్కవలసిన అవసరం లేకుండా చేసే దారి ఆ కుర్చీ దగ్గరే మొదలైంది.

కథ అక్కడితో సుఖాంతమైందని చెప్పను. కనీస వేతన చట్టాన్ని 1974లో నగర, రాష్ట్ర ఉద్యోగులందరికీ విస్తరించారు. 1976లో సుప్రీంకోర్టు అది చెల్లదన్నది. 1985లో అదే కోర్టు తన తీర్పును మార్చుకుని చెల్లుతుందన్నది. ఆ గుమ్మం దాటడానికి అన్నేళ్ళు పట్టింది. కార్మికులకు 2011లో కార్మికశాఖ తన గౌరవ మందిరంలో చోటిచ్చింది. అయితే సమ్మె చేసినవారిలో కొందరు నగరం పింఛను లేక ముసలితనంలో కూడా చెత్తబండి మీద పనిచేస్తూ వచ్చారు. 2017లో, అంటే 49 ఏళ్ళ తర్వాత, అప్పటికి బ్రతికి ఉన్న 14 మందికి తలా 50,000 డాలర్లు ఇస్తామని నగరం ప్రకటించింది. ఆలస్యమైన కూలి అంటే అది. కూలివాడికి ఇవ్వవలసింది పొద్దు గూకకముందే ఇచ్చేయాలని మోషే ధర్మశాస్త్రం నేర్పుతుంది. మెంఫిస్‌లో పొద్దు ఎన్ని వేలసార్లు గూకిందో లెక్కపెట్టండి.

కనీస వేతనం సంగతి కూడా వినండి. 2009 జూలైలో అమెరికా దేశవ్యాప్త కనీస వేతనం గంటకు 7 డాలర్ల 25 సెంట్లయింది. ఆ తర్వాత పదిహేనేళ్ళు దాటినా అది పెరగలేదు. ధరలు మాత్రం ఆగలేదు. 1968లో ఒక గంట కూలితో కొనగలిగినన్ని సరుకులు ఇప్పుడు ఆ 7 డాలర్లతో కొనలేరు. చాలా రాష్ట్రాలు తమంతట తాము ఎక్కువ వేతనం నిర్ణయించుకున్నాయి. టెన్నెస్సీ అలా నిర్ణయించుకోలేదు.

ఊరేగింపులు బయలుదేరిన క్లేబోర్న్ టెంపుల్ ఎన్నో ఏళ్ళు మూతపడి శిథిలమైంది. దాన్ని బాగుచేస్తుండగా 2025 ఏప్రిల్ 28న మంటల్లో కాలిపోయింది. దాని ప్రక్కన 2018లో కట్టిన స్మారకస్థలం మీద ఆ కార్మికుల పేర్లు చెక్కి ఉన్నాయి. పెరట్లోకి వచ్చినప్పుడు ఎవరూ అడగని పేర్లు అవి.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఇది చదివి అయ్యో అమెరికా అనుకుని పేజీ తిప్పేయడం తేలిక. పనివారికి ఇవ్వకుండా ఆపిన కూలికి నోరున్నదని, దాని కేక దేవుని దాకా వినబడుతుందని యాకోబు తన పత్రికలో రాశాడు. ఆయన రాసింది సంఘానికే. మందిరం ఊడ్చే ఆమెకు మనం ఇచ్చేది ఎంత? కానుకల లెక్కలో ఆమె జీతం ఏ వరుసలో ఉన్నది? తెల్లవారుజామున మన వాకిట చెత్త తీసుకువెళ్ళే వ్యక్తి పేరు మనకు తెలుసా? ఎంతకాలంగా వస్తున్నారో తెలుసా? వానలో ఎక్కడ నిలబడతారో ఎప్పుడైనా చూశామా?

మెంఫిస్ సేవకులు కళ్ళు మండేదాకా ఆగారు. మనం అందాకా ఆగనవసరం లేదు. రేపు ఉదయం ఆ బండి మన వీధిలోకి వచ్చినప్పుడు తలుపు తీసి బయటికి వెళ్దాం. పేరు అడుగుదాం. వాన పడుతుంటే అరుగు మీదికి రమ్మందాం. ఇవ్వవలసినది ఉంటే పొద్దు గూకకముందే ఇద్దాం. వాకిట ఉన్నవారిని చూసే కన్నులు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.